అరుగు మీద ప్రజాస్వామ్యం

ఎన్నికల తేదీలు వెలువడగానే ఊరి రూపం మారిపోతుంది. ఖాళీగా ఉన్న గోడలమీద పేర్లు, గుర్తులు వెలుస్తాయి. మైకులు కట్టిన ఆటోలు సందుసందుకూ తిరుగుతాయి. మెడలో కండువాలు వేసుకొన్న పెద్దలు ఇంటింటికీ వచ్చి చేతులు జోడిస్తారు. ఈ సందడిని అందరికంటె శ్రద్ధగా గమనించేది ఓటుహక్కు లేని పిల్లలే. వారు ఆటోల వెంట పరుగెత్తి కరపత్రాలు ఏరుకొంటారు. అర్థం తెలియకపోయినా నినాదాలు వల్లిస్తారు. సాయంత్రం ఇల్లు చేరి, అరుగుమీద కూర్చున్న తాతను అడుగుతారు: “ఓటంటే ఏంది తాతా? అందరొచ్చి నీకెందుకు దండం పెడుతున్నరు?”

ఈ ప్రశ్నకు ఇళ్లలో రెండు రకాల సమాధానాలు వినిపిస్తాయి. “నీకెందుకురా అవన్ని? పోయి చదువుకో పో” అన్నది మొదటిది. “ఇట్ల కూసో బిడ్డా, చెప్త” అన్నది రెండవది. మొదటి సమాధానం విన్న పిల్లవాడు రాజకీయం తనకు పట్టని వ్యవహారమనుకొంటాడు, లేదా మాట్లాడరాని విషయమనుకొంటాడు. రెండవది విన్నవాడు అది తన ఇంటికీ, తన ఊరికీ సంబంధించిన సంగతి అని గ్రహిస్తాడు.

మన రాజ్యాంగంలో ఓటుహక్కుకు మొదట నిర్ణయించిన వయస్సు 21 సంవత్సరాలు. 1988లో ఆమోదం పొంది, 1989 మార్చిలో అమలులోకి వచ్చిన 61వ రాజ్యాంగ సవరణ దానిని 18 సంవత్సరాలకు తగ్గించింది. 2022 నుండి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల మొదటి తేదీలలో ఏ తేదీకి 18 సంవత్సరాలు నిండినా ఓటరుగా నమోదయ్యే వీలు కలిగింది. 17 సంవత్సరాలు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. అంటే జూనియర్ కళాశాల విద్యార్థికీ, ఓటరు జాబితాకూ మధ్య ఉన్న దూరం కొద్ది నెలలు మాత్రమే. పేరు నమోదు చేయడానికి ఒక దరఖాస్తు చాలు. కాని ఆలోచించి ఓటు వేసే శక్తి పద్దెనిమిదవ పుట్టినరోజున ఒక్కసారిగా పుట్టుకొని రాదు. చట్టసభల నిర్మాణాన్ని, సభ్యుల సంఖ్యను, పదవీకాలాన్ని పాఠ్యపుస్తకం చెబుతుంది. వాటికీ, ఇంట్లోని నీళ్ల బిందెకూ, పొలంలోని బోరుబావికీ, మగ్గంమీది నూలుకూ ఉన్న సంబంధాన్ని చూపగలిగింది ఇల్లే.

దీనికి రామన్నపేట చక్కని ఉదాహరణ. సికింద్రాబాదునుండి నల్లగొండ మీదుగా గుంటూరు వెళ్లే రైలుమార్గంలో ఉన్న మండల కేంద్రమిది. చుట్టూ మెట్టపొలాలు, చెరువులు, వెల్లంకి, సిరిపురం వంటి చేనేత గ్రామాలు. ఇక్కడ ఒక ఇంటి అరుగును ఊహించుకోవచ్చు. తాత, నాయనమ్మ, కొడుకు, కోడలు, చదువుకొంటున్న మనుమడు, మనుమరాలు. రాత్రి భోజనాలయ్యాక మాటల్లో ఊరి సంగతులు దొర్లుతాయి. “తాతా, నువ్వు పుట్టినప్పటి ఊరు, ఇప్పటి ఊరు ఒక్కటేనా?” అని మనుమరాలు అడిగిందనుకొందాం. ఊరు కదలలేదు, నిజమే. కాని దాని చిరునామా ఎన్నోసార్లు మారింది. హైదరాబాదు రాష్ట్రంలోని ఊరు 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి, 2014లో తెలంగాణలోకి వచ్చింది. 2016 అక్టోబరులో నల్లగొండ జిల్లానుండి యాదాద్రి భువనగిరి జిల్లాకు మారింది. 2004 ఎన్నికలలో రామన్నపేట పేరుతోనే ఒక శాసనసభ నియోజకవర్గం ఉన్నది. పునర్విభజన తరువాత, 2009 ఎన్నికలనుండి ఆ పేరు జాబితాలో లేదు. మండలం నకిరేకల్ నియోజకవర్గంలో చేరింది. ఊరు అంగుళమైనా కదలకుండా ఇన్ని మార్పులు ఎవరు చేశారు, ఏ అధికారంతో చేశారు అన్న ప్రశ్న ఆ పిల్ల మనస్సులో మెదిలితే, ప్రభుత్వమన్న పాఠం ఆమెకు మొదలైనట్లే.

అక్కడినుండి మాట వెనుకటి తరానికి సాగుతుంది. 1948 సెప్టెంబరు వరకు ఈ ప్రాంతం నిజాం పాలనలో ఉన్నది. పాలకుణ్ణి ఎన్నుకొనే హక్కు సామాన్య రైతుకు, కూలికి లేదు. నల్లగొండ జిల్లా పల్లెలు వెట్టిచాకిరికి, దొరల పెత్తనానికి వ్యతిరేకంగా సాయుధపోరాటం సాగించిన పల్లెలు. అటువంటి ప్రజలకు 1952లో మొదటిసారి ఓటు చేతికి వచ్చింది. ఆ ఎన్నికలలో నల్లగొండ లోక్‌సభ స్థానంనుండి పోటీ చేసిన రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు లభించాయి. ఆయన భువనగిరి దగ్గరి బొల్లేపల్లి వాసి. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండడంతో పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ అభ్యర్థిగా నిలిచారు. ఆ ఎన్నికలలో దేశంలోనే అత్యధికంగా ఓట్లు పొందినది ఆయనే. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవి 2 లక్షల 33 వేల పైచిలుకు.

ఈ కథను తాత తన తండ్రి నోట విని ఉంటాడు. చెబుతున్నపుడు ఆయన కన్నులు మెరుస్తాయి. పిల్లలకు ఇక్కడ నేర్పవలసిన మరొక పాఠం ఉన్నది. నాటి నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం. అంటే అక్కడినుండి ఇద్దరు సభ్యులు ఎన్నికవుతారు, ప్రతి ఓటరుకూ రెండు ఓట్లుంటాయి. నెహ్రూ గెలిచిన స్థానమూ అటువంటిదే. ఈ పద్ధతి 1961లో చేసిన చట్టంతో రద్దయింది. కాబట్టి ఆనాటి అంకెలను ఈనాటి ఏకసభ్య నియోజకవర్గాల అంకెలతో నేరుగా పోల్చకూడదు. గర్వించదగిన విషయాన్ని కూడ పరిశీలించి చూడాలన్న అలవాటు ఇంట్లోనే అబ్బితే, మైకులో వినిపించే ప్రతి అంకెను పిల్లలు గుడ్డిగా నమ్మరు.

తాత మాటల మధ్యలో నాయనమ్మ అందుకొంటుంది. ప్రచారానికి వచ్చినవారు ప్రతి ఇంటి ముందూ అడిగే మాట ఒకటి ఉన్నది: “మీ ఇంట్ల ఎన్ని ఓట్లున్నయి?” ఇంటిపెద్ద “నాలుగు” అంటాడు. ఆ నాలుగూ తన జేబులో ఉన్నట్లే చెబుతాడు. అందులో నాయనమ్మ ఓటు ఒకటి, కోడలి ఓటు ఒకటి. వారిని అడిగినవారు లేరు. మొదటి సార్వత్రిక ఎన్నికల ఓటరు జాబితా తయారు చేసినపుడు దేశంలో ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే నమోదు చేయించుకొన్నారు. సొంత పేరు లేనిదే ఓటు లేదని ఎన్నికల సంఘం నిర్ణయించింది. తొలి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ కాలంలో ఆ విధంగా దాదాపు 28 లక్షలమంది స్త్రీల పేర్లు జాబితాకు ఎక్కలేదు. ఆ నిర్ణయం కఠినమనిపించవచ్చు. కాని ఓటు ఇంటిది కాదు, మనిషిది అన్న సత్యాన్ని అది దేశానికి చాటింది. ఈ సత్యం నేటికీ కొన్ని గడపలు దాటి లోపలికి రాలేదు. “నాయనమ్మా, నువ్వెవరికేస్తవు?” అని కాక, “నువ్వు ఏం చూసి వేస్తవు?” అని మనుమరాలు అడిగిననాడు, ఎన్నడూ అడగబడని మనిషి మొదటిసారి ఆలోచించి మాట్లాడుతుంది. ఆ సంభాషణలో చిన్నపిల్లతోపాటు పెద్దామె కూడ నేర్చుకొంటుంది.

కుటుంబ చర్చకు ఈ ప్రాంతంలో నీటికి మించిన విషయం లేదు. నల్లగొండ జిల్లాలోని అనేక గ్రామాల భూగర్భ జలాలలో ఫ్లోరైడు మోతాదు మించి ఉండేది. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. అంతకు మించిన నీటిని ఏళ్లతరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, మోతాదు మరీ ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి, కీళ్లు బిగుసుకొంటాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే ప్రక్రియను నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. శాస్త్రలోకంలో దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు స్థిరపడింది. ఒక జిల్లా పేరు దాని కష్టం కారణంగా ప్రపంచానికి తెలిసింది.

ఆ కష్టమే 1996 లోక్‌సభ ఎన్నికలలో ఒక అపూర్వ సంఘటనకు దారితీసింది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో వందలాదిమంది సామాన్యులు నల్లగొండ స్థానానికి నామినేషన్లు వేశారు. చివరకు బరిలో నిలిచినవారు 480 మంది. అప్పుడు ఓటింగు కాగితపు బ్యాలెట్లమీద జరిగేది. 480 పేర్లు, 480 గుర్తులు. ఓటరు తనకు కావలసిన గుర్తును వెతుక్కోవడమే ఒక పరీక్ష. ఎన్నికలో భారత కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలుపొందారు. కాని దేశమంతా చర్చించుకొన్నది గెలుపును గురించి కాదు, 480 మంది ఎందుకు నిలిచారన్న విషయాన్ని గురించి. నల్లగొండ నీటి సమస్య ఆ విధంగా దేశం దృష్టికి వచ్చింది.

ఈ సంఘటనను పిల్లల ముందుంచి, “వాళ్లు చేసింది సరియేనా?” అని అడిగితే ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. సరియేనన్నవారికి బలమైన వాదన ఉన్నది. అర్జీలు పెట్టినా, ధర్నాలు చేసినా వినని వ్యవస్థను కదిలించడానికి చట్టం అనుమతించిన మార్గాన్నే వారు ఎంచుకొన్నారు. రాయి విసరలేదు, బస్సు తగులబెట్టలేదు. నామినేషను పత్రాన్నే అర్జీగా మార్చారు. కాదన్నవారి వాదన కూడ తక్కువది కాదు. ఎన్నిక ప్రతినిధిని ఎన్నుకోవడానికి ఏర్పడింది. అభ్యర్థుల సంఖ్య అంతగా పెరిగితే చదువురాని ఓటరు తికమకపడతాడు, నిర్వహణ భారం పెరుగుతుంది, అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది. రెండు పక్షాలవారూ ఊరి మేలు కోరేవారే. మంచి ఉద్దేశమున్న ఇద్దరు మనుషులు ఒకే విషయంలో విభేదించవచ్చునని పిల్లవాడు కళ్లారా చూస్తాడు. పార్టీ పేరెత్తకుండానే రాజకీయ చర్చ జరుగుతుందని కూడ తెలుసుకొంటాడు.

చర్చ అంతటితో ఆగదు. తరువాత ఏమి జరిగిందని పిల్లలు అడుగుతారు. 1996లోనే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. లోక్‌సభకు పోటీ చేసే సాధారణ అభ్యర్థి చెల్లించవలసిన ధరావతు 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెరిగింది. తరువాత 25,000 రూపాయలయింది. స్వతంత్ర అభ్యర్థిని ప్రతిపాదించడానికి పదిమంది ఓటర్లు అవసరమయ్యారు. 1996 ఎన్నికలలో దేశమంతటా 13,952 మంది పోటీ చేయగా, 1998లో ఆ సంఖ్య 4,750కి తగ్గింది. నిర్వహణ సులువైంది. అదే సమయంలో పేదవాడు పోటీ చేయడం కష్టమైంది. ఇది లాభమా, నష్టమా అన్నది మరొక రాత్రి చర్చకు తగిన విషయం.

ఈ మార్గం అంతటితో మూతపడలేదు. 2019 ఏప్రిల్‌లో నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న పంటలకు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావాలని కోరిన రైతులు. ఒక్కొక్క పోలింగు కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు అమర్చవలసి వచ్చింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైంది. నల్లగొండ విషయానికి వస్తే, కృష్ణా జలాలను శుద్ధి చేసి పల్లెలకు అందించే పథకాలు క్రమంగా వచ్చాయి. ఇంటింటికీ నల్లా నీరు లక్ష్యంగా చేపట్టిన మిషన్ భగీరథ పైలానును 2015 జూన్‌లో రామన్నపేటకు పొరుగునే ఉన్న చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఈ ఫలితాలలో పోటీల పాలు ఎంత, ప్రభుత్వాల పాలు ఎంత, కాలం పాలు ఎంత? ఎవరికి వారు తమదే ఘనత అంటారు. ఆధారాలు వెతికి తూచవలసిన పని పిల్లలది.

అయితే ఇంటి చర్చకు ఒక ప్రమాదమున్నది. పెద్దలు తమ అభిమానాన్ని పిల్లల నోట్లో పెట్టి, అదే చర్చ అనుకొనే అవకాశముంది. నాయకుణ్ణి తిట్టిన పిల్లవాణ్ణి చూసి మురిసిపోయే తండ్రి, ఆ పిల్లవానికి నేర్పుతున్నది రాజకీయం కాదు, ద్వేషం. కులం పేరుతో, మతం పేరుతో ఒక అభ్యర్థిని మెచ్చుకొన్నా, తూలనాడినా ఆ మాట పిల్లవానితోపాటు బడికి వెళుతుంది, పక్కన కూర్చున్న స్నేహితుణ్ణి తాకుతుంది. అందువల్ల చర్చ మనుషులతో కాక విషయంతో ప్రారంభం కావాలి. నూలు ధర ఎందుకు పెరిగింది, 2017లో వచ్చిన వస్తు సేవల పన్ను చేనేతకు కూడ ఎందుకు వర్తించింది, బడిలో ఖాళీలు ఎవరు నింపాలి, వీధిదీపం వెలగకపోతే సర్పంచిని అడగాలా, శాసనసభ్యుణ్ణి అడగాలా? ఒకే వార్తను రెండు పత్రికలలో చదివి తేడాను గుర్తించడం మంచి అభ్యాసం. తండ్రి ఇష్టపడే పక్షాన్ని కొడుకు, కొడుకు ఇష్టపడే పక్షాన్ని తండ్రి కాసేపు సమర్థించి మాట్లాడడం ఇంకా మంచిది. ఎదుటివాని వాదనను అతడు ఒప్పుకొనే విధంగా చెప్పగలిగినవాడే దానిని ఖండించడానికి అర్హుడు. తెలియని విషయం వచ్చినపుడు “నాకు తెల్వదు బిడ్డా, రేపు తెలుసుకొందాం” అని పెద్దలు ఒప్పుకొంటే వారి గౌరవం తగ్గదు.

చర్చకంటె పెద్ద పాఠం చేత. ఓటుకు డబ్బు పంచడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను ప్రకారం అవినీతి చర్య. ఇది పిల్లవానికి పుస్తకంలో దొరుకుతుంది. కాని పోలింగుకు ముందురాత్రి చీకట్లో ఎవరో వచ్చి వెళ్లడం, మరునాడు దేవుని పటం వెనుక కొత్త నోట్లు కనబడడం అతని కంటబడితే, పుస్తకమూ, అరుగుమీది చర్చలూ ఒక్కసారిగా అబద్ధమవుతాయి. “అందరు తీసుకుంటున్నరు గదా” అన్న తండ్రి మాటను అతడు జీవితాంతం మరచిపోడు. ఆ డబ్బును తిప్పి పంపిన ఇంటిని కూడ అతడు మరచిపోడు.

పిల్లలు పెద్దలనుండి నేర్చుకొంటారన్నది అందరికీ తెలిసినదే. దీనికి తలక్రిందుగా కూడ జరుగుతుందని అమెరికాలోని ఒక ప్రయత్నం నిరూపించింది. 1988లో అరిజోనా రాష్ట్రంలో ‘కిడ్స్ ఓటింగ్’ అనే కార్యక్రమం మొదలైంది. బడిలో ఎన్నికలను గురించి చదువుకొన్న పిల్లలు ఇంట్లో తల్లిదండ్రులతో చర్చించాలి, పోలింగు రోజున వారివెంట వెళ్లి నమూనా ఓటు వేయాలి. పరిశోధకులు ఈ కుటుంబాలను పరిశీలించినపుడు, పిల్లలు ప్రశ్నలడగడం మొదలుపెట్టాక తల్లిదండ్రులు కూడ వార్తలమీద శ్రద్ధ పెంచుకొన్నట్లు తేలింది. చదువు, ఆదాయం తక్కువగా ఉన్న ఇళ్లలో ఈ మార్పు మరింత స్పష్టంగా కనిపించింది. రామన్నపేట వంటి చోట్ల ఎందరో విద్యార్థులు తమ ఇంట్లో కళాశాల మెట్టెక్కిన మొదటి తరం వారు. పత్రిక చదవలేని నాయనమ్మకు వార్తను బిగ్గరగా చదివి వినిపించే మనుమరాలు ఆమెకు కళ్లద్దాల వంటిది. కళ్లద్దాలు చూపునిస్తాయే కాని, ఏమి చూడాలో నిర్ణయించవు. చదివి వినిపించడం వరకే మనుమరాలి పని. నిర్ణయం నాయనమ్మది.

పోలింగు రోజు వస్తుంది. తాత ఉతికిన ధోవతి కట్టుకొంటాడు. మనుమడు వెంట నడుస్తాడు. లోపలికి రానివ్వరు గనుక బడి గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడతాడు. తాత ఎడమచేతి చూపుడువేలిమీద సిరాగుర్తుతో బయటికి వస్తాడు. ఇన్ని రాత్రులు ఇంత చర్చించిన పిల్లవానికి ఆతురత ఆగదు.

“ఎవలకేసినవు తాతా?”

చట్టం ఈ విషయంలో ఎంత పట్టుదలగా ఉన్నదంటే, ఓటరు తాను ఎవరికి ఓటు వేసిందీ చెప్పవలసిందని ఏ సాక్షినీ బలవంతపెట్టరాదని ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షను చెబుతున్నది. తాతకు ఆ సెక్షను సంఖ్య తెలియకపోవచ్చు. ఆయన నవ్వి మనుమని భుజంమీద చేయి వేస్తాడు.

“ఏం చూసి వెయ్యాల్నో ఇన్ని రోజులు మాట్లాడుకున్నం గదా. ఎవలకేసిన్నో అది నాకు, ఆ పెట్టెకు నడుమ మాట. రేపు నీకు గూడ అంతే.”